వెనక పొయ్యి మీది గిన్నె

నా ఇంట్లో కూర్చుని, నేను కలిపిన పులిహోర రెండోసారి వడ్డించుకుని తింటూ, అంకుల్ మళ్లీ ఆ కథ మొదలుపెట్టాడు. మొన్న శనివారం సంగతి ఇది. మా అబ్బాయి చదువు పూర్తయిందని అమెరికాలో, నోవైలో మా ఇంట్లో చిన్న పార్టీ పెట్టుకున్నాం. చిన్నదంటే నలభై మంది. మావాడు పరీక్షలు కాగానే స్నేహితులతో జపాన్ వెళ్లొచ్చాడు. వాళ్ల అమ్మమ్మ పక్కన చేరి ఫోన్‌లో ఫొటోలు చూపిస్తున్నాడు.

"అమ్మమ్మా, ఈ ఊర్లో రోడ్ కింద నుంచి స్టీమ్ వస్తుంది. మొత్తం హాట్ స్ప్రింగ్స్. ఇది మేము తిన్న రామెన్ షాప్. ఓన్లీ ఆరు సీట్లు. వన్ అవర్ వెయిట్ చేశాం."

అమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, ఆ ఫొటోనే చాలాసేపు చూసింది. ఇంతలో ఎదురు సోఫాలోంచి అంకుల్ గొంతు వినిపించింది. రామెన్ అంటే గుర్తొచ్చింది, మీ అమ్మమ్మ పంది సూప్ కథ నీకెవరైనా చెప్పారా అని మావాడిని అడుగుతున్నాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆయన మా నాన్నతో కలిసి పనిచేసినవాడు. ఇప్పుడు ఎనభైకి దగ్గర్లో ఉన్నాడు. మోకాళ్లు రెండూ మార్పించుకున్నాడు, చెవిలో మిషన్ పెట్టుకున్నాడు, ఆ కథలో మాత్రం ఒక్క ముక్క మార్చలేదు. వదినగారు పరమ శాకాహారి, గుడ్డు పగలగొట్టిన గరిటె కూడా ముట్టదు, అలాంటి మనిషి ఒక చలికాలమంతా పంది ఎముకల నీళ్లు తాగి అమృతంలా ఉందండీ అంది. అంతే కథ. ఇది నేను పెళ్లిళ్లలో విన్నాను, సీమంతాల్లో విన్నాను. నాన్న పోయిన పన్నెండో రోజున, భోజనాల వరసలో ప్లేటు పట్టుకుని నిలబడి కూడా విన్నాను. అందరూ నవ్వుతారు. అమ్మ కూడా పెదవులు కదుపుతుంది. దాన్ని నవ్వు అనుకుంటారు.

అది కథ కాదు, అబద్ధం. అబద్ధమని నాకు ఎలా తెలుసో ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

అప్పుడు నాకు పదేళ్లు. ఇప్పుడు మా ఇంటి చుట్టూ ఉన్న షాపులూ కాలనీలూ అప్పుడు లేవు. మొక్కజొన్న చేలు, మధ్యలో ఒకటో రెండో రోడ్లు, నవంబర్ నుంచి మంచు. తెలుగువాళ్లందరినీ కలిపినా ఒక స్కూలు భోజనశాలలో సగం నిండేది కాదు. కందిపప్పు కావాలంటే గంట డ్రైవ్ చేసి వెళ్లాలి, నెలకోసారి వెళ్లేవాళ్లం. నాన్న కార్ల విడిభాగాలు చేసే ఒక జపాన్ కంపెనీలో ఇంజినీరు. ఆ కంపెనీ పనిమీద నాలుగైదేళ్ల కోసం వచ్చి ఉండే జపాన్ కుటుంబాలు మా ఊళ్లో మాకంటే ఎక్కువ ఉండేవి.

అమ్మకి బయట తిండి పెద్ద సమస్య. ఎక్కడికి వెళ్లినా పచ్చి ఆకులు, బ్రెడ్డు, వేయించిన బంగాళాదుంపలు. ఒకసారి బర్గర్ల షాపులో, మాంసం లేకుండా ఇవ్వమని నాన్న అడిగితే, అక్కడి అమ్మాయి బన్ను రెండు ముక్కలు చేసి, మధ్యలో ఏమీ పెట్టకుండా, కాగితంలో చక్కగా చుట్టి ఇచ్చింది. అమ్మ దాని మీద టమాటా సాస్ రాసుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ తినేసింది. ఆ రోజు నాన్న ముఖం మాడ్చుకున్నాడు. అమ్మకి కడుపు నిండలేదని కాదు, పక్క టేబుల్ వాళ్లు చూశారని. ఇంట్లో ఆవిడ చేసే చారు వాసన నాలుగు కోట్ల కిందున్న చొక్కాకి కూడా పట్టేది. అదీ ఆయనకి సిగ్గే.

ఆ చలికాలం మొదట్లో మా ఊళ్లో, ఎముకల సూప్‌లో నూడుల్స్ వేసి ఇచ్చే జపాన్ రామెన్ షాపు తెరిచారు. నాణేలు వేసి బట్టలు ఉతుక్కునే లాండ్రీకీ, వాక్యూమ్ క్లీనర్లు బాగుచేసే కొట్టుకీ మధ్య ఇరుకు గది. ముందు బల్ల దగ్గర ఆరు స్టూళ్లు, వెనక మూడు టేబుళ్లు. నడిపేది ఒక ముసలి జంట. ముసలాయన బల్ల వెనక పెద్ద డేగిసా ముందు నిలబడి కలుపుతుండేవాడు, ముసలావిడ వడ్డించేది. తలుపు తీస్తే ముందు ఉడికిన ఎముకల వాసన, తర్వాత వేయించిన వెల్లుల్లి, ఆ తర్వాత తడిసిన ఉన్ని కోట్ల వాసన, వీటన్నిటి వెనక పక్క లాండ్రీ సబ్బు వాసన వచ్చేవి. ఈ నాలుగూ కలిసి మళ్లీ నాకు ఎక్కడా దొరకలేదు.

నాన్న, అంకుల్ ముందే అక్కడ తిని మరిగారు. ఒకరోజు నన్ను స్కూలు నుంచి తీసుకొస్తూ కారులో ఇద్దరూ మాట్లాడుకున్నారు. శనివారం అమ్మని కూడా తీసుకెళ్దామంటే తిండి గొడవ కదా అన్నాడు నాన్న.

"పైన ముక్కలు తీసేయమను గురూ. మొత్తం కూరగాయల నీళ్లే అని చెప్పెయ్. ఆవిడకేం తెలుస్తుంది?"

నాన్న నవ్వేశాడు. అంకుల్ వెనక్కి తిరిగి, నువ్వేమీ వినలేదు సరేనా అని నాకు కన్నుకొట్టాడు. నేను సరే అన్నాను. పెద్దవాళ్ల రహస్యంలో నాకూ వాటా దొరికిందని గర్వపడ్డాను. ఆ గర్వం నాకిప్పటికీ గుర్తుంది, తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

శనివారం మధ్యాహ్నం వెళ్లాం. అంకుల్ వాళ్లావిడ నర్సు. వారాంతాల్లో డ్యూటీ ఉండేది, పిల్లలు అప్పటికి పుట్టలేదు, అందుకని ఆయన మాతోనే తిరిగేవాడు. మగవాళ్లిద్దరూ ఆఫీసువాళ్లు కనిపించారని ముందు బల్ల దగ్గర స్టూళ్లెక్కారు. అమ్మనీ నన్నూ వెనక, వంటగది తలుపు పక్క టేబుల్ దగ్గర కూర్చోబెట్టారు. తలుపంటే తలుపు కాదు, మధ్యలో చీల్చిన నీలం గుడ్డ. నాన్న వచ్చి, అంతా కూరగాయల నీళ్లే, నీకు ముక్కలు వేయొద్దన్నాను అని చెప్పి వెళ్లిపోయాడు.

గిన్నె వచ్చింది. అమ్మ దాని మీదకి వంగింది. పాలు విరగబోయే రెండు గంటల ముందే చెప్పే ముక్కు ఆవిడది. చెంచా కింద పెట్టేసింది. ముందు బల్ల వైపు చూసింది. అక్కడ రెండు వీపులు తప్ప ఏమీ కనిపించలేదు. నేను ఆవిడనే చూస్తున్నాను. అమ్మ ముసలావిడని చెయ్యెత్తి పిలిచింది. "పిన్నిగారూ, ఇందులో ఏముందండీ?" అని శుద్ధ తెలుగులో అడిగి, రెండు చూపుడు వేళ్లు తల మీద కొమ్ముల్లా పెట్టి, గిన్నెని చూపించింది.

ముసలావిడ కొమ్ములు కాదన్నట్టు తల అడ్డంగా ఊపి, వేలితో తన ముక్కు పైకి నొక్కి చూపించింది. పంది. నాకు నవ్వొచ్చింది. వాళ్లిద్దరికీ రాలేదు. అమ్మ చేతులు జోడించి, తన గుండె మీద చెయ్యి వేసుకుని, వద్దన్నట్టు తల ఊపింది. ముసలావిడ ముందు బల్ల దగ్గర మా నాన్న వీపుని ఒకసారి చూసింది, అమ్మ ముఖం చూసింది. గిన్నె పట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. కాసేపటికి నీలం గుడ్డ పక్కకి తీసి అమ్మని రమ్మని చెయ్యి ఊపింది. అమ్మ వెనకాలే నేనూ వెళ్లాను.

లోపల వెనక పొయ్యి మీద అంచుల దగ్గర పెచ్చులూడిన తెల్ల ఎనామిల్ గిన్నె ఉంది. అందులో నీళ్లు అప్పుడే కాగుతున్నాయి. ముసలావిడ ఒక్కో వస్తువూ ఎత్తి అమ్మ కళ్ల ముందు పెట్టి చూపించింది. క్యాబేజీ, క్యారెట్, అల్లం, ఎండబెట్టిన పుట్టగొడుగులు, సముద్రంలో పెరిగే నల్లటి ఆకు. ఆ ఆకు దగ్గర అమ్మ కాస్త అనుమానపడి తుంచి వాసన చూసి, ఫరవాలేదంది. ముసలావిడ సొరుగులోంచి కొత్త గరిటె తీసి, ఇంకెవరూ వాడకుండా దాని పిడికి ఎర్ర దారం కట్టింది. నూడుల్స్ కూడా వేరే చిన్న గిన్నెలో వేసింది, పెద్ద డేగిసా పక్కన అందరికీ ఉడికించే నీళ్లలో కాదు. మడి అనే మాట ఆవిడ జన్మలో విని ఉండదు. మా అమ్మమ్మ చూస్తే మెచ్చుకునేంత మడిగా వండింది.

ఆ రోజు అమ్మ రెండు గిన్నెలు తింది. అమెరికా వచ్చాక బయట ఆవిడ కడుపునిండా తినడం నేను చూసింది అదే మొదటిసారి.

ఇంటికి వస్తుంటే కారులో నాన్న ఎలా ఉంది అని అడిగాడు. బాగుందంది. కూరగాయల నీళ్లే కదా అన్నాడు. అవును, కూరగాయల నీళ్లే అంది అమ్మ. నాన్న అద్దంలోంచి నాకేసి చూసి కన్నుకొట్టాడు. నేను నవ్వాను. నాన్న అబద్ధం నాకు తెలుసు, అమ్మకి ఆ అబద్ధం దొరికిపోయిందనీ తెలుసు. ఇంత తెలిసినందుకు నాకు చాలా సరదాగా ఉంది.

అప్పుడే ఎందుకు నిలదీయలేదని పెద్దయ్యాక అమ్మని అడిగాను. "అడిగితే ఏమవుతుంది? మీ నాన్న నాలుగు రోజులు మూతి ముడుచుకునేవారు, మళ్లీ తీసుకెళ్లేవారు కాదు" అంది. ఆవిడకి ఆ శనివారాలు కావాలి. అందుకని తనకి చెప్పిన అబద్ధాన్ని తనే మోసింది.

నిజంగానే ఎంత బాగుండేవో ఆ శనివారాలు. కిటికీ అద్దం నిండా ఆవిరి పట్టి ఉండేది. నేను దాని మీద మా టీచరు బొమ్మ గీసి మీసాలు పెట్టేదాన్ని. నూడుల్స్ తినే చెక్క పుల్లల కాగితం తొడుగుల్లోకి గాలి ఊది అవతలి టేబుల్ మీదకి వదిలేదాన్ని. జపాన్ పిల్లలు తిరిగి నా మీదకి వదిలేవాళ్లు. అక్కడ జుర్రుకుంటూ తింటే ఎవరూ తప్పు పట్టరు. స్కూల్లో సూప్ చప్పుడు చేస్తూ తాగానని చీవాట్లు తిన్న నాకు అదొక పెద్ద పండగ. అమ్మ ఇంట్లో చారు ఎలా జుర్రుకుంటుందో అలాగే జుర్రుకునేది. ఒకసారి ఆవిడ జుర్రిన చప్పుడుకి ముసలాయన డేగిసా దగ్గర్నుంచి తొంగి చూసి మెచ్చుకోలుగా తల ఊపాడు.

మా టేబుల్ పక్క గోడకి ఒక ఫొటో ఉండేది. కొండల మధ్య ఇరుకు వీధి, రెండు పక్కలా చెక్క ఇళ్లు, కాలవల్లోంచీ గోడల సందుల్లోంచీ తెల్లగా పొగ. అమ్మ మొదట ఊరు తగలబడుతోందనుకుని పాపం అంది. ముసలావిడ చెంపల మీద చేతులతో నీళ్లు కొట్టుకున్నట్టు చూపించి, హాయిగా కళ్లు మూసుకుంది. వేణ్ణీళ్లు అని అమ్మకి అర్థమైంది. ముసలాయన తనకొచ్చిన నాలుగు ఇంగ్లిష్ ముక్కల్లో మిగతాది నాకు చెప్పాడు. అది వాళ్ల ఊరు. భూమిలోంచే మరిగే నీళ్లు వస్తాయి. వాళ్ల నాన్నకి అక్కడ ఇలాంటి కొట్టే ఉండేది. జనం స్నానాలు చేసి తడి జుట్టుతో, చెక్క చెప్పులు టకటకలాడించుకుంటూ వచ్చి తినేవారు. నేను తెలుగులో చెబితే అమ్మ, "తలంటు పోసుకుని వేడి వేడి చారన్నం తిన్నట్టు" అని ముసలావిడతోనే చెప్పింది. ఆవిడకి ఏం అర్థమైందో, చాలాసేపు తల ఊపుతూనే ఉంది.

తర్వాతి వారం అమ్మ చిన్న సీసాలో చారుపొడి పట్టుకెళ్లింది. ముసలావిడ వేలితో అద్దుకుని రుచి చూసి, రెండుసార్లు తుమ్మి, ఆ తెల్ల గిన్నెలో చిటికెడు వేసింది. అప్పట్నుంచి అమ్మ గిన్నెలోంచి ధనియాల వాసన, మిరియాల వాసన వచ్చేవి. ముందు స్టూళ్ల మీద మగవాళ్లిద్దరూ గ్రీన్ కార్డ్, లేఆఫ్, ఎవరి ఫర్నేస్ పాడైంది, మంచు టైర్లు ఎక్కడ చవక అని మాట్లాడుకుంటూ ఉండేవాళ్లు. చలికాలమంతా ప్రతి శనివారం వెళ్లాం. వాళ్లిద్దరిలో ఒక్కరైనా, ఒక్కసారైనా లేచి వచ్చి ఆవిడ గిన్నెలోకి తొంగి చూడలేదు. ముక్కు ఉన్నవాడెవడైనా వస్తే చాలు, తెలిసిపోయేది. తినడం అయ్యాక కోటు వేసుకుంటూ అంకుల్ మాత్రం మరిచిపోకుండా అడిగేవాడు, వదినగారూ సూప్ ఎలా ఉంది అని. బాగుందన్నయ్యగారూ అనేది అమ్మ. వాళ్లిద్దరూ ఒకరినొకరు చూసుకుని దగ్గు వచ్చినట్టు నటించేవాళ్లు.

ఉగాది వచ్చింది. స్కూలు భోజనశాల అద్దెకి తీసుకుని అందరం ఇళ్ల నుంచి వంటలు తెచ్చుకున్నాం. పచ్చడి అమ్మే చేసింది, వేపపువ్వు దొరక్క కాకరకాయ వేసింది. పిల్లల పాటలయ్యాక అంకుల్ మైకు పుచ్చుకున్నాడు. ప్రతి ఏడూ జోకులు చెప్పే పని ఆయనదే. ఆ ఏడు చెప్పిన జోకు మా అమ్మ. పేరు పెట్టి, కుర్చీలో కూర్చున్న ఆవిడని చేత్తో చూపించి చెప్పాడు. అందరూ కడుపులు పట్టుకుని నవ్వారు. మా నాన్న కూడా నవ్వాడు. నాకు నాన్న అంటే ఇష్టం. ఇప్పటికీ ఇష్టమే. కానీ ఆ నవ్వుని నేను క్షమించలేదు, ఆయన పోయాక కూడా.

అమ్మ లేచి నిలబడింది. అంతమంది మధ్య ఆవిడ గొంతు విప్పడం నేనెప్పుడూ చూడలేదు.

"నేను తిన్నది అది కాదు. మొదటి రోజు నుంచీ ఆవిడ నాకు వేరే గిన్నెలో వండింది."

ఎవరో అయ్యో పాపం అన్నారు. మరెవరో, పోనీలెండి, తెలియక తిన్నదానికి దోషం లేదన్నారు. అంకుల్ మైకులోనే, వదినగారూ కవర్ చేసుకోకండి, మేమందరం మనవాళ్లమే అన్నాడు. మళ్లీ నవ్వులు. నాన్న, కూర్చో అని చెయ్యి ఊపాడు. అమ్మ కూర్చోలేదు. నా వైపు తిరిగింది.

"నువ్వు చూశావు కదే. చెప్పు."

హాలంతా నాకేసి తిరిగింది. నవ్వుతున్న ముఖాలే అన్నీ, నేనేదో ముద్దు మాట చెబుతానన్నట్టు. నాకు భయం వేయలేదు. భయం వేసిందని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్నాను, అది నిజం కాదు. అందరూ నవ్వుతున్నారు, నేనూ ఆ నవ్వేవాళ్లతో ఉండాలనుకున్నాను. కుర్చీల మధ్య ఒంటరిగా నిలబడ్డ ఆడమనిషి పక్కన ఉండాలనుకోలేదు.

"నాకు తెలీదు" అన్నాను.

అంకుల్ చప్పట్లు కొట్టాడు. అమ్మ కూర్చుంది.

సరదాకి అన్నారు, అయిపోయిందంటే నేనూ ఒప్పుకునేదాన్ని. అయిపోలేదు. ఆ ఊళ్లో అప్పటిదాకా ఎవరింట్లో సత్యనారాయణ వ్రతమైనా ప్రసాదం అమ్మే చేసేది. గరిటె జారుగా కాదు, గట్టిగా కాదు, ఆవిడ చేసే రవ్వ ప్రసాదానికి పేరు. ఉగాది అయిన నెలకి అంకుల్ కొత్త ఇల్లు కొన్నాడు. గృహప్రవేశానికి ప్రసాదం మీదేనని అంతకుముందే చెప్పి ఉన్నారు. రెండు రోజుల ముందు వాళ్లావిడ ఫోన్ చేసి, మీరు రెస్ట్ తీసుకోండి వదినగారూ, ఈసారి మేం చూసుకుంటాం అంది. అమ్మ సరే తల్లీ అని ఫోన్ పెట్టేసి, అప్పటికే వేయించి పెట్టుకున్న జీడిపప్పుని డబ్బాలో పోసి మూత పెట్టింది. తర్వాత ఇంకో ఇల్లు, ఇంకో ఇల్లు. ఎవరూ ముఖం మీద ఏమీ అనలేదు. ఎవరూ పిలవనూ లేదు.

ఎవరు వీళ్లు? వీధి చివర పిజ్జా కొట్టులో పంది ముక్కలు చల్లిన పిజ్జా తిని, ఇంటికొచ్చి నోరు కడుక్కుని హారతి కళ్లకద్దుకునేవాళ్లు. వాళ్లని నేను తప్పు పట్టను, ఎవరి తిండి వాళ్లిష్టం. కానీ రామెన్ షాపులో పంది తిన్నవాడు పీటల మీద కూర్చుని వ్రతం చేసుకున్నాడు. తినని మా అమ్మ చేతి ప్రసాదం మాత్రం ఆ ఇంటికి పనికి రాకుండా పోయింది. నా కడుపుమంట ఇదీ.

ఒక్కసారి ఆ షాపుకి తీసుకెళ్లండి, అన్నయ్యగారిని కూడా పిలవండి, ఆవిడనే అడుగుదాం అని అమ్మ నాన్నని బతిమాలింది. ఇంత చిన్న విషయానికి అంత రాద్ధాంతం ఎందుకన్నాడు నాన్న. అమ్మకి కారు నడపడం రాదు. ఒక రోజు నేను స్కూలు నుంచి రాగానే నా చెయ్యి పట్టుకుని బయల్దేరింది. వాన బురదలో ముప్పావుగంట నడిచాం. షాపులో ఎవరూ లేరు. ముసలావిడ మమ్మల్ని చూసి సంతోషంగా ఎదురొచ్చింది. అమ్మ ఆవిడ చేతులు పట్టుకుని, జరిగిందంతా తెలుగులో చెప్పడం మొదలుపెట్టింది, చెబుతూ ఏడ్చేసింది.

ముసలావిడ ముఖం తెల్లబోయింది. లోపలికి పరిగెత్తి ఆ తెల్ల గిన్నె పట్టుకొచ్చింది. అమ్మ ముందు పెట్టి, నడుము వంచి దండం పెట్టింది. మళ్లీ వంగింది, మళ్లీ వంగింది. తను వండినదానిలో ఏదో తప్పు జరిగిందనుకుంది. అందుకే ఈవిడ నడుచుకుంటూ వచ్చి ఏడుస్తోందనుకుంది. అమ్మ అయ్యో కాదు పిన్నిగారూ, మీరు కాదు అంటూ ఆవిడ భుజాలు పట్టుకుని లేపుతుంటే, అదీ కోపమే అనుకుని ఇంకా కిందకి వంగింది. అమ్మ నాకేసి చూసి, నువ్వు ఇంగ్లిష్‌లో చెప్పవే, ఆయనకి అర్థమవుతుంది అంది. ముసలాయన కూడా నాకేసే చూస్తున్నాడు.

చెప్పాలంటే ఏం చెప్పాలి? అందరూ అమ్మని నమ్మడం లేదని చెప్పాలి. ఎందుకు నమ్మడం లేదంటే, చూసిన నేనొక్కదాన్నీ తెలీదన్నానని చెప్పాలి. సూప్ బాగుంది, మా అమ్మకి ఒంట్లో బాగోలేదు అని మాత్రం చెప్పాను. ఆవిడ వంగడం ఆపలేదు. మేం తలుపు దాటేదాకా వంగే ఉంది.

అమ్మ మళ్లీ అక్కడికి వెళ్లలేదు. ఆవిడ ముఖం ఎలా చూడను అనేది. మగవాళ్లు మాత్రం ఎప్పటిలాగే శనివారాలు వెళ్లి తినొచ్చేవాళ్లు. రెండేళ్ల తర్వాత ఆ షాపు మూసేశారు. ముసలివాళ్లిద్దరూ తమ వేణ్ణీళ్ల ఊరికే వెళ్లిపోయారని నాన్న ఆఫీసులో విని వచ్చి చెప్పాడు. అమ్మ వంటింట్లోంచి విని, ఎప్పుడు అని మాత్రం అడిగింది.

మొన్న శనివారం అంకుల్ కథ చివరికి వచ్చి, అమృతంలా ఉందండీ అని అమ్మ గొంతు అనుకరించాడు. మా అబ్బాయి నవ్వబోయి, అమ్మమ్మ ముఖం చూసి ఆగిపోయాడు. నేను వంటింట్లోంచి వచ్చి హాలు మధ్యలో నిలబడ్డాను. చేతిలో పెరుగు గిన్నె ఉందన్న సంగతి కూడా గమనించలేదు.

"అంకుల్, ఆ కథ అబద్ధం. మా అమ్మకి వేరే గిన్నెలో వండేవారు. వెనక పొయ్యి మీద. నేను కళ్లారా చూశాను. ఉగాది రోజు తెలీదని నేనే అబద్ధం చెప్పాను."

అంకుల్ చెవిలో మిషన్ సవరించుకుని, పక్కనున్నావిడని ఏమంటోంది అని అడిగి చెప్పించుకున్నాడు. తర్వాత నా వైపు ఎంతో వాత్సల్యంగా చూశాడు.

"తల్లిని వెనకేసుకొచ్చావు చూడు, అదమ్మా కూతురంటే. వదినగారూ, మీరు అదృష్టవంతులు."

ఒకరిద్దరు చప్పట్లు కొట్టారు. ఒకావిడ కళ్లు తుడుచుకుని నా భుజం నిమిరింది. నేను నిజం, నిజం అంటూనే ఉన్నాను. నేను ఎంత గట్టిగా అంటే వాళ్లకి అంత ముద్దొచ్చింది. ఆ తర్వాత కేకు కోశారు.

అందరూ వెళ్లాక వంటింట్లో మిగిలినవి సర్దుతుంటే అమ్మ వచ్చి నా పక్కన నిలబడింది. నేను కోపంతో గిన్నెలు ఎత్తి పడేస్తున్నాను. ఎనభై ఏళ్లొచ్చినా ఆయనకి సిగ్గు లేదని, ఈ జనం మారరని, ఇంకోసారి ఆయన్ని ఇంటికి పిలిస్తే చూడమని ఏదేదో అంటున్నాను. ఒక్కడూ నమ్మలేదే అమ్మా అన్నాను చివరికి.

అమ్మ పులిహోర గిన్నె మీద ఫాయిల్ కప్పుతూ, తల ఎత్తకుండానే అంది.

"ఇప్పుడెందుకు నమ్ముతారే? యాభై ఏళ్ల కూతురివి, నా తరఫున మాట్లాడుతున్నావనుకుంటారు. ఆ రోజు నువ్వు పదేళ్ల పిల్లవి. ఆ రోజు చెప్పి ఉంటే నమ్మేవాళ్లు."

అంతకుముందు ఎప్పుడూ ఆవిడ నాతో ఈ మాట అనలేదు. ఫాయిల్ అంచులు నాలుగు వైపులా నొక్కి, గిన్నె ఫ్రిజ్‌లో పెట్టి, పడుకుంటానని వెళ్లింది.